లావు పిడి

ఉప్పుగాలికి తుప్పెక్కిన గంట
తలుపు తీస్తే మోగదు, దగ్గుతుంది.
ఇన్నెస్ గెడీస్ లోపలికొచ్చి
బల్ల మీద పట్టర్ పెట్టాడు,
పశువుల డాక్టరు ముందు ముసలి కుక్కని పడుకోబెట్టినట్టు.

"దీని పిడి మార్చాలి" అన్నాడు.
కాసేపాగి, "లావుది" అన్నాడు,
ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూసి.

నలభై ఏళ్లు చేపల పడవల ఇంజన్లు విప్పిన చేతులు.
కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ
అరచేతిలోకి ముడుచుకుని మళ్లీ తెరుచుకోవు.
ఈ స్కాట్లండు తీరంలో చాలామందికి ఉన్నదే.
చెయ్యి కలిపితే సగమే అందుతుంది.
చిల్లర పుచ్చుకోవడానికి మాత్రం
ఇంతకంటే మంచి చెయ్యి లేదని అతని వేళాకోళం.

మూడడుగులే కదా అనిపిస్తుంది.
బలి చక్రవర్తికీ అలాగే అనిపించింది.
బంతి ముందు నిలబడగానే మణికట్టు
తనకేదో సొంత అభిప్రాయం ఉన్నట్టు ఉలిక్కిపడుతుంది.
గుంత అంచుదాకా వెళ్లిన బంతి
గుమ్మంలో చెప్పులు విప్పబోయి
మనసు మార్చుకున్న చుట్టంలా పక్కకి.

గోడకి వేలాడే పిడులు చూపించాను.
సన్నదైతే వేళ్లు మాట్లాడతాయి.
లావుదైతే వేళ్లకి పని ఉండదు,
భుజాలు ఊగితే చాలు.
కానీ పిడి బరువెక్కితే అవతల తల తేలికవుతుంది,
బంతి తగిలిన కబురు చేతికి ఆలస్యంగా అందుతుంది.
"నాకు అన్ని కబుర్లూ అలాగే అందుతాయిలే" అన్నాడు.

అన్నిటికంటే లావుది పట్టుకుని
"తెడ్డు" అన్నాడు.
ఇంకోటి చూసి, "ఎర్రది వద్దు. మక్‌హార్డీ అన్నదమ్ములు
సెలవులదాకా నవ్వుతారు."
మూడోది, బూడిదరంగుది,
ముడుచుకున్న వేళ్ల ఖాళీలోకి వెళ్లి కూర్చుంది.
దాని గురించి ఏమీ అనలేదు.
కింద పెట్టనూ లేదు.

పట్టర్ని వైస్‌లో బిగించి
కొక్కెపు కత్తితో పాత తోలు చుట్టు కోశాను.
కింద టేపు. మామూలే.
దాని కింద ఇంకో టేపు, పాలిపోయిన వేరే రంగు.
దాని కింద ఇంకోటి.
ఒకటి కిటికీ సందులు మూసే రకం,
ఒకటి ఆసుపత్రి కట్లకి అంటించే తెల్లది,
ఒకదాని మీద సగం చెరిగిన గిఫ్టు పువ్వులు.
చెట్టు కొట్టినప్పుడు వలయాలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాను.
ఏడు.

"ఎవరు వేశారివి?"
"ఎవరూ వెయ్యలేదు. అది ఎప్పుడూ అంతే ఉంది.
చలికాలం వస్తే తోలుకి నూనె రాస్తానని
ఇష్‌బెల్ తీసుకుని వంటింటి బల్ల మీద..."

మాట అక్కడ ఆగింది.

కిటికీ అవతల, వానలో, నీలం కారు.
లోపల ఆవిడ ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని
గళ్ల నుడికట్టు పూరిస్తోంది.
ఇటు చూడటం లేదు.
చూడకుండా ఉండటంలో అంత నేర్పున్న మనిషిని
నేను మళ్లీ చూడలేదు.

అన్నీ గీకెయ్యాలి, అన్నాను,
పాత జిగురు మీద కొత్త పిడి నిలవదు.
"ఒకటి ఉంచు."
తిరిగిపోతుంది, డబ్బు దండగ.
"అడుగుది ఉంచు పిల్లా. దండగ నాదేగా."

ద్రావకం పోస్తే కొట్టంతా పెట్రోలు వాసన.
ఒక్క తోపుకి పిడి జారి దిగింది.
ఆరడానికి గంట. అతను కూర్చోలేదు.
కారు దగ్గరికీ వెళ్లలేదు.

తివాచీ మీద మూడు బంతులు వేశాను.
ఒకటి కప్పులోకి. ఒకటి కుర్చీ కిందకి.
మూడోది కొట్టలేదు.

చిల్లర ఆ వంకర గుప్పిట్లో పోసుకుని వెళ్లాడు.
కారు అద్దం దిగింది. ఒక చెయ్యి బయటికొచ్చి
ఆ లావు పిడిని బొటనవేలితో నొక్కింది,
పండు మాగిందో లేదో చూసినట్టు.
ఏమందో గాలికి వినపడలేదు.
అతను మాత్రం తలుపు తెరవకుండా
వానలో అలాగే నిలబడ్డాడు.
వెనక బండివాడు హారను కొట్టేదాకా.