శనివారం ఫిల్టరు

బొబ్బిలి గ్రోత్ సెంటర్లో, రేకుల షెడ్డులో
శనివారం రెండో షిఫ్టు దిగేముందు
నా పని ఒక్కటే:
నాలుగో లేతు నెత్తిన కూర్చున్న పెట్టె మూత విప్పి
గాలి ఏం మిగిల్చిందో చూడడం.

లోపల మూడు వలలు.
మొదటిది ఇనపతీగ, వేళ్ళు నిలవనంత జిడ్డు.
రెండోది పాకంలో ముంచి తీసిన బూరుగుదూది.
మూడోదాన్ని కడిగితే చచ్చిపోతుంది,
నల్లబడేదాకా ఉంచి మార్చడమే.

కింద గొట్టం, గొట్టం కింద డబ్బా.
డబ్బాలో విరిగిన పాలలాంటిది,
పైన తేనెరంగు తెట్టు.
వారానికి లీటరుంబావు.

పెట్టె రాకముందు
ఈ లీటరుంబావూ ఎక్కడుండేదని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు. ఐటీఐ పరీక్షలో ఆ ప్రశ్న రాదు.
ట్యూబులైటు మీద ఉండేది.
గోడ క్యాలెండరులో
ఆగస్టు వెనక సెప్టెంబరు కనబడేది.
క్యారేజీ మూత తీస్తే తోటకూర పులుసుకి
ఎవరూ వెయ్యని తాలింపు.
ఇంటికెళ్ళి జడ విప్పితే మా అమ్మ
"ఏ నూనె రాసేవే ఇది, ఏటీ కంపు" అనేది.

తక్కినది అసిరయ్య దగ్గర ఉండేది.

ఇరవైరెండేళ్ళు ఆ లేతుమీదే లెంక అసిరయ్య.
బొటనవేలి గోరుతో తడిమి
వెంట్రుకలో సగం తేడా చెప్పేస్తాడు.
దగ్గుని మాత్రం ఎప్పుడూ కొలవలేదు.
"బీడీ తాగనోడికి కంపెనీయే ఊరకనే పోస్తంది పొగ,
నీకేటి కష్టమమ్మీ" అని నవ్వేవాడు.
నవ్వు చివర దగ్గు.
దగ్గు చివర వెతికినా నవ్వు దొరికేది కాదు.

పెట్టె బిగించిన రోజు
చిల్లగింజ అరగదీసిన కుండలో నీరు తేరినట్టు
షెడ్డు మెల్లగా తేరింది.
అటు చివర రంపం దగ్గర్నించి పోలినాయుడు
ఇటు చివరికి కేకేశాడు:
"ఒరే అసిరీ, నీ జుత్తెప్పుడు పండిపోనాదిరా!"

ఓనరుగారు లెక్క మనిషి.
పట్టిన నూనెని వడగట్టి తొట్టిలోనే పోయమన్నారు,
పెట్టె ఖరీదు ఎన్నాళ్ళకి తీరుతుందో
గోడమీద సుద్దతో రాశారు.
ఆయన వెళ్ళాక ఆ సుద్దముక్కే తీసుకుని
అసిరయ్య పక్కన ఇంకో లెక్క వేశాడు.
ఇరవైరెండేళ్ళు, ఏడాదికి యాభైరెండు వారాలు, ఒకటింబావు.
పద్నాలుగు వందల ముప్ఫై లీటర్లు.
కాసేపు నిలబడి చూశాడు.
"అంతా నాలోకే పోనేదులే,
పైకప్పుకీ వాటా ఉన్నాది" అన్నాడు.
చెరపలేదు. ఎవరూ చెరపలేదు.

ఈ వారమంతా నాలుగో లేతు ఆగి ఉంది.
అసిరయ్య విజయనగరం ఆసుపత్రిలో
గొట్టంలోకి ఊది చూపిస్తున్నాడట,
ఇంకా గట్టిగా ఊదమంటున్నారట.

నేను రెండో వలని వేడి సబ్బునీళ్ళలో ముంచి పిండుతున్నాను.
పిండేకొద్దీ ఇంకా కొంచెం దిగుతోంది.
డబ్బాలో అడుగు మాత్రమే తడి.
తలుపు దగ్గర వెలుతురికి ఎత్తి పట్టుకున్నాను.
రోడ్డుమీద రాజాం బస్సు
దాని గుండా వంకరగా పోయింది.