కొసరు

అక్టోబరు ఆఖరు వారం.
సముద్రం మీంచి వచ్చే గాలికి షెడ్డు రేకులు పళ్లు కొరుకుతున్నాయి.
స్కిల్లెట్ హార్బర్‌లో పడవలన్నీ ఒడ్డెక్కి
బోర్లా పడుకున్నాయి, పొట్టల మీద ఎండిన నాచుతో.
వాటి మోటార్లు నా దగ్గరికి వచ్చాయి. పదకొండు.
పన్నెండోది హెజికయా డర్న్‌ఫర్డ్ గారిది.
షెడ్డు కూడా ఆయనదే,
అద్దెలో కొంత ఏటా ఆ మోటారు గొంతులోనే పోస్తాను.

ఆర్నెల్లు కదలకుండా కూర్చుంటే పెట్రోలు పులుస్తుంది.
కార్బురేటర్ సన్న కంతల్లో జిగురై పేరుకుంటుంది,
మే నెలలో తాడు లాగి లాగి
భుజం జారిపోయాక గానీ ఆ సంగతి తెలియదు.
అందుకే ఈ నిలవ మందు. ఎర్రటిది, అమెరికా సరుకు.
సీసా మీద రాత: రెండున్నర గాలన్లకు ఒక ఔన్సు.

ఎవరి గాలన్?

ఆయన గాలన్ వాళ్ల నాన్న రేకు డబ్బా,
నాలుగున్నర లీటర్లు, పైన ఇంకో గుక్కెడు.
సీసా గాలన్‌కి నాలుగు లీటర్లు కూడా నిండవు.
బంకులో పోసేదేమో లీటర్లు.
పైగా ఇదొక విడ్డూరం:
గాలన్ పెద్దదైన చోట ఔన్సు చిన్నది.
ఇరవై లీటర్ల క్యానుకి ఆయన లెక్కలో యాభై మిల్లీలీటర్లు,
నా లెక్కలో అరవై రెండున్నర.
"పన్నెండున్నర కోసం ప్రాణం తీస్తావేం, ఏవిస్" అంటాడు.
"మందు చేసినవాడి గాలనే మందుకి గాలన్" అంటాను.
"కాకి లెక్కలు" అంటాడు.
కిటికీలో నిజంగానే ఒక కాకి ఉంటుంది,
ఎవరి పక్షమో చెప్పదు.

ఆవేళ నా కొలగ్లాసు పగిలింది.
బల్ల సొరుగులో వెతికితే మేకులు, చేపతాడు,
వాటి కింద దగ్గుమందు మూతలాంటి ప్లాస్టిక్ కప్పు.
ముప్పై దాకా అచ్చు గీతలు. మొదటిది అయిదు దగ్గర.
దాని కింద, సరిగ్గా సగంలో,
నీలం బాల్‌పెన్నుతో ఎవరో గీసిన గీత.
రెండున్నర!
రెండు నిండు కప్పులు, ఆ గీత దాకా ఇంకొంచెం:
అరవై రెండున్నర.
అదృష్టం నట్టుకి బోల్టులా పట్టింది అనుకున్నాను.

పదకొండు క్యాన్లకు పోశాను.
పన్నెండోదానికి వంగి చూస్తే గీత లేదు.
మందు తినేసింది. నా బొటనవేలికి మాత్రం
నీలం మరక.

అప్పుడే తలుపు తీసుకుని వచ్చాడు, భుజాల మీద మంచు.
కప్పు చూశాడు. నా వేలు చూశాడు.
కోపగించుకుని ఉంటే బావుండేది.
"నర్సు గీసింది" అన్నాడు.
"మెల్వినాకి నొప్పి మందు. రాత్రికి అంత.
నాకు అంకెలు ఆనేవి కావు, అందుకని గీత."

నేను నోరు తెరిచాను, మాట రాలేదు.
చిన్న ఇంజన్లు బాగుచేసే మనిషిని,
ఇలాంటివాటికి నా దగ్గర విడిభాగాలు లేవు.

ఆయన కప్పుని చొక్కా అంచుతో తుడిచి,
చేపలు కోసే కత్తి మొనతో
దీపానికి ఎత్తి పట్టుకుని
గీశాడు. తొందర లేదు. కొలబద్ద అడగలేదు.
"ఇక చెరగదు" అని బల్ల మీద పెట్టి,
"నా క్యానుకి కూడా నీ గాలన్ లెక్కే పొయ్యి" అని వెళ్లిపోయాడు.

వెళ్లాక, బుద్ధి ఊరుకోక,
గ్రీజు సిరంజితో నీళ్లు తీసి ఆ కొత్త గీతని కొలిచాను.
మూడు. సరిగ్గా మూడు మిల్లీలీటర్లు.

నర్సు గీసింది రెండున్నర.
ఆయన చేతికి గుర్తున్నది మూడు.

ఎన్ని రాత్రులో నేను లెక్కగట్టలేదు.
కప్పు ఆరబెట్టి, ఎర్ర మందు ఒంచి,
రెండు నిండుగా పోసి, మూడోసారి
ఆయన గీత దాకా పోశాను.