మిషన్‌కి చిక్కని వేలు

ఎచ్చెర్లలో బస్సు దిగినప్పుడు
నా సంచిలో మూడు జతల బట్టలు, చోడిపిండి,
అమ్మ కుక్కిన ఆముదం సీసా.
"వేళ్లకి రాసుకోవే గుంటా, మరిచిపోకు."

యూనివర్సిటీ అంటే నాకు తెలిసింది
సోంపేట కాలేజీలో సీనియర్ చెప్పినంతే.
లైబ్రరీ రాత్రంతా తెరిచే ఉంటుందట,
సారు పాఠం ఆపి
"నువ్వేమనుకుంటున్నావ్?" అని అడుగుతారట.
అడిగితే ఏం చెప్పాలో
వేసవంతా జీడిపిక్కలు కొడుతూ వల్లెవేశాను.
పిక్కకో వాక్యం.

ఎవరూ అడగలేదు.
లైబ్రరీకి అయిదింటికే తాళం.
సారు గోడ మీద వెలిగే ఇంగ్లీషుని
ఉన్నదున్నట్టు చదివి
తర్వాతి పేజీకి వెళ్లిపోయారు.
ఒక్క ప్రశ్న మాత్రం వచ్చింది, వెనక బెంచీ నుంచి:
"ఢిల్లేశ్వరా! ఎప్పుడైనా ఢిల్లీ చూశావా?"
మా ఊళ్లో వీధికో ఢిల్లమ్మ, వీధికో ఢిల్లేసు,
ఎవరూ విశాఖ దాటలేదు.
ఈ మాట తెలుగులో చక్కగా వచ్చేది.
ఇంగ్లీషులో వెతుక్కునేసరికి గంటైపోయింది.

అసలు సంగతి అంతకుముందే, గుమ్మం దగ్గర.
హాజరు మిషన్ మీద బొటనవేలు పెట్టాను.
ఎర్ర దీపం. ప్లీజ్ ట్రై అగైన్.
చూపుడువేలు. ఎర్ర దీపం.
చున్నీకి తుడిచి ఉంగరపు వేలు.
వెనక వరుస పొడుగవుతోంది.
ఎనిమిదో తరగతి నుంచి ప్రతి సెలవులోనూ
జీడి చీడ తాగిన వేళ్లివి,
గీతలు ఎప్పుడో కాలిపోయాయి.
మార్కులకి, కులానికి, ఆదాయానికి
కాగితాలు తెచ్చాను.
నేను నేనే అనడానికి
ఏ కాగితమూ తేలేదు.

రాత్రి అమ్మ ఫోను.
"నీళ్లెలగున్నాయే అక్కడ? మనూరి నీళ్లలాగేటా?"
మర్నాడు పలాస ఆస్పత్రిలో నాన్న వంతు,
అందుకని అమ్మ ముందు నీళ్ల గురించే అడుగుతుంది.
బాగున్నాయన్నాను. నీళ్లు బాగానే ఉన్నాయి.
హైవే మీద లారీలు
కళ్లు మూసుకుంటే మా సముద్రంలా వినిపిస్తాయేమోనని
మూసుకుని చూశాను.
లారీల్లాగే ఉన్నాయి.

మూడో వారం ఆఫీసులో అప్పలసూరి గారు
సొరుగులోంచి అట్ట ఊడిన రిజిస్టర్ తీశారు.
"మిషన్‌కి చిక్కనోళ్లంతా ఇందులో పెట్టండమ్మా సంతకం."
నా పైన పదకొండు పేర్లు.
కొండచీపురు కోసిన సవర తోటయ్య,
ఇటుకలు మోసిన పిన్నింటి సుగుణ,
వల తాడు లాగిన మైలపల్లి తాతారావు...
పెన్ను ఒక్కటే, అందుకని ఆగాలి,
ఆగినప్పుడు మాట్లాడుకోవాలి.
తోటయ్య అన్నాడు,
"నిన్న సారు చెప్పింది నాకు సరిగ్గా తోచలేదు.
నువ్వేమనుకుంటున్నావ్?"

వేసవంతా వల్లెవేసిన వాక్యాల్లో
ఒక్కటీ గుర్తు రాలేదు.
ఏదో చెప్పాను.
చాలాసేపు చెప్పాను.

నవంబరులో ఒక పొద్దున్న ఊరికే వేలు పెడితే
పచ్చ దీపం. థాంక్యూ.
ఆముదం పనిచేసిందో,
పిక్కలకి దూరమైన చర్మమే మొలిచిందో.
దొంగలా గుప్పిట మూసుకుని లోపలికి నడిచాను.

సెమిస్టర్ సెలవుల్లో అమ్మ పక్కన పీట వేసుకున్నాను.
"నీకెందుకే, చదువుకున్నదానివి" అంది,
అంటూనే బుట్ట నా వైపు జరిపింది.

తిరిగొచ్చిన రోజు మళ్లీ ఎర్ర దీపం.
వెనక వరుస పొడుగవుతోంది, ఎవరో విసుక్కుంటున్నారు.
పక్కకి తప్పుకుని
కిటికీలోంచి పిలిచాను,
"అప్పలసూరి గారూ, మా రిజిస్టర్ ఇలా ఇవ్వండి."