అద్దం లేని పటాలు

ముప్ఫయ్యొక్క ఏళ్లుగా పటాలు కడుతున్నాను.
సుల్తాన్ బజార్ సందులో
గడియారాల షాపుకీ గాజుల బండికీ మధ్య
షట్టరు సగం ఎత్తితే చాలనిపించే దుకాణం.
దేవుళ్లు, డిగ్రీలు, పెళ్లిళ్లు.
ఎక్కువగా పోయినవాళ్లు.
"పెద్దకర్మకి కావాలన్నా, రేపు పొద్దుగాలకల్లా" అని
ఆధార్ కార్డులోంచి పెద్దది చేయించిన ముఖాన్ని
రెండు చేతుల్తో అందిస్తారు.
నలభై అయిదు డిగ్రీల కోత, నాలుగు మూలలు,
వెనక అట్ట, ముందు అద్దం, పైన కొక్కెం.
ఆ తర్వాత లోపల ఎవరూ కదలరు.

పోయిన ఎండాకాలం నా బోర్డు మీద
'ఫ్రేమ్స్' అన్న మాట చివర
ఈగల గుంపు దిగి పట్టు పెట్టింది.
వారం రోజులు 'స్' కనపడలేదు.
ఎనిమిదోనాడు గడియారాలాయన
మందు కొట్టే మనిషిని పిలిపించాడు.
మర్నాడు షట్టరు కిందనుంచి ఊడ్చాను.
చేటెడు.
కొన్నిటి కాళ్లకి పుప్పొడి మూటలు
కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

ఎందుకో అడగొద్దు,
రాజేంద్రనగర్‌లో రెండు రోజుల తరగతికి పోయాను.
పిల్లల మధ్య కళ్లజోడు తీసి పెట్టి, తీసి పెట్టి
నోట్సు రాసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

బద్దలు ఖుద్దూస్ భాయ్ కోసిచ్చాడు.
"ఇత్నా పత్లా? మీ దేవుడు జారి పడతడు చూస్కో" అన్నాడు.
దేవుడు కాదన్నాను.
నమ్మలేదు.

శనివారం రాత్రి బల్ల ఖాళీ చేసి కూచున్నా.
పై బద్ద, కింది బద్ద, రెండు పక్క బద్దలు.
నేను చూసేలోపే నా చెయ్యి
అలవాటు కొద్దీ మూలని ఏటవాలుగా కోసేసింది.
ముప్ఫయ్యొక్క ఏళ్ల పనితనం, మొదటి బద్దే పాడు.
ఇక్కడ మూలలు మొహం మొహం కలపవు,
ఒకదాని ఒళ్లో ఒకటి కూచుంటాయి.
పై బద్దకి అటో చెవి, ఇటో చెవి.
తేనె, పిల్లలు, మొత్తం సంసారం
ఆ చెవుల మీదే వేలాడాలి.

చట్రానికీ చట్రానికీ మధ్య
తీన్ సూత్‌కి కాస్త తక్కువ సందు.
ఎక్కువ వదిలితే అడ్డదిడ్డంగా కట్టేస్తాయట,
తక్కువైతే మైనంతో పూడ్చేస్తాయట.
వీపూ వీపూ ఒరుసుకోకుండా
ఎదురెదురుగా పోయేంత దారి, అంతే.
అప్పట్నుంచీ కోఠీ చౌరస్తాలో
బస్సుకీ బస్సుకీ మధ్య ఇరుక్కున్నప్పుడల్లా
నేను సూతులు లెక్కపెడుతున్నాను.

తీగ లాగి మేకుకి చుట్టి, గోటితో మీటాలి.
మోగితే బిగిసినట్టు.
మొదటిది దగ్గింది.
రెండోది మూలిగింది.
మూడోదానికి స్వరూప వంటింట్లోంచి వచ్చి
"నడిరాత్రి ఏం వాయిస్తున్నవ్?" అంది.
అప్పుడు తెలిసింది, కుదిరిందని.

కొవ్వొత్తి మీద చెంచా కాచి
తీగని మైనపు పొరలోకి ఒత్తుతూ పోయాను.
పొర నిండా ఆరు పలకల అచ్చులు, గదులు కాని గదులు,
ఎవరో గీసి వదిలేసిన కాలనీ లేఅవుట్ లాగా.
ఒకచోట వేడెక్కువై చిల్లు పడింది.
అవే సర్దుకుంటాయని తరగతిలో చెప్పారు.
సర్దుకునే గుణం నాకు అర్థం కాలేదు,
నా పనిలో చిల్లు పడితే మనిషే పోయినట్టు.
అయిదోది మెలి తిరిగింది.
బల్ల మీద పెడితే ఒక మూల లేస్తుంది.
పటమయితే ఈపాటికి అద్దం పగిలేది.
దాన్ని గోడవైపు, చివర్న పెట్టాను.

ఆదివారం పొద్దున
ఎనిమిదీ పెట్టెలో వేలాడదీసి
దుకాణం గడప మీద ఎండకి పెట్టాను.
ఈగలు ఎల్లుండి రావాలి,
రాణి ఒప్పుకుంటే.

కవరు పట్టుకుని ఓ కుర్రాడు వచ్చాడు.
నిద్ర లేని కళ్లు.
పెట్టెలోకి వంగి చూసి అడిగాడు
"ఇవి ఎవరివన్నా? బొమ్మలు లేవేంది?"

"ఇంకా రాలే" అన్నాను.

ఏమనుకున్నాడో, తలూపి
కవర్లోంచి నానమ్మని తీసి ఇచ్చాడు.
పది బై పన్నెండు. రాసుకున్నాను.
పెన్సిలు చెవి వెనక్కి దోపుతుంటే
వేళ్లకి ఇంకా మైనం.
ఫోటో అంచున, ఆవిడ భుజం దగ్గర
నా బొటనవేలు అచ్చు పడింది.
చొక్కా అంచుతో తుడిచాను.
సగమే పోయింది.