కాటా మీద

ముప్ఫై యేళ్లు గోధుమ లారీలు తూచాను
విక్టోరియాలో, హార్షమ్ సైలోల దగ్గర.
లారీ ఎక్కీ ఎక్కగానే ముల్లు ఎగిరిపడేది,
కాసేపు అటూ ఇటూ తలాడించి
ఏదో నిర్ణయానికి వచ్చినట్టు ఆగేది.
ఆగాకే రాయాలి. నాకు తెలిసిన శాస్త్రం అదొక్కటే.
తొందరపడే డ్రైవర్ల మీద తెలుగులోనే విసుక్కునేవాణ్ణి,
"ఊగుతుండగా రాస్తే అది తూకం కాదు నాయనా, ఊహ!"
వాళ్లకి 'నాయనా' ఒక్కటి వచ్చేసింది.

ఇప్పుడు నేనే ఎక్కుతున్నాను.
మంగళవారం, శుక్రవారం, బేకరీ వెనక క్లినిక్‌లో
పీటకన్న కాస్త పెద్ద బల్ల, పైన నల్ల రబ్బరు.
బ్రోన్విన్ మీట నొక్కుతుంది.
అరికాళ్లలో మొదలై
పిక్కలు, మోకాళ్లు, చివరికి పళ్ల చిగుళ్ల దాకా
సన్నటి వణుకు పాకుతుంది.
నా వణుకు కాదది.
నాది కుడి బొటనవేలి దగ్గర పుట్టి
లేని గింజను నలిపి చూస్తుంటుంది
పచ్చిదా, పండిందా అని, పగలంతా.
ఇది యంత్రానిది. చెప్పి వస్తుంది, నిమిషంలో పోతుంది.
రెండూ ఒకే ఒంట్లో ఎదురుపడి
ఇరుకు సందులో పెద్దమనుషుల్లా
"ముందు మీరు", "అబ్బే, ముందు మీరు" అనుకుంటాయి కాబోలు,
కాసేపు ఏదీ కదలదు.

నా తరవాత గార్త్. గొర్రెల ఉన్ని కత్తిరించినవాడు.
అతని చెయ్యి ఇంకా ఏదో గొర్రె మెడ దగ్గరే ఉంది.
"దీని మీద పాలు పెడితే వెన్న వస్తుందా?" అంటాడు ప్రతిసారీ.
నవ్వు అతని ముఖం దాకా రాదు. నా ముఖానికీ రాదు.
గొంతులోనే నవ్వుకుంటాం.

"నిజంగా పనిచేస్తుందా?" అనడిగాను ఓసారి.
బ్రోన్విన్ అబద్ధం ఆడదు.
"కొందరికి. కొన్నాళ్లు.
యంత్రం వల్లో, వారానికి రెండుసార్లు నిటారుగా నిలబడటం వల్లో,
పక్కన ఒక మనిషి ఉండటం వల్లో
విడదీసి చెప్పలేను."
నిండు లారీలోంచి ఖాళీ లారీని తీసేస్తేగానీ
గోధుమల బరువు తేలదు.
ఇక్కడ ఖాళీ లారీని ఎక్కడినుంచి తేను?

వంటింటి గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోతాయి.
సువర్చల నేలకి పసుపు టేపు అంటించింది.
"గుమ్మాన్ని మర్చిపో, గీత దాటు" అంటుంది.
గీత దాటడానికి
అరవయ్యేడో ఏట దొరికింది అనుమతి.

నిన్న సాయంత్రం, మంచం పట్టుకోకుండా
ఒంటికాలి మీద నిలబడి మేజోడు తొడుక్కున్నాను.
ఊగాను. ఊగుతూనే ఉన్నాను.
ముల్లు ఆగలేదు.
సువర్చల గరిటె పట్టుకుని
లోపలికి రాకుండా, వెళ్లిపోకుండా
పెదాలతో లెక్కపెడుతోంది.
"ఎంత?"
"ఏడు. ఎనిమిదేమో కూడా."
క్యాలెండర్ గడిలో ఏడు వేసింది.

పెన్సిల్ ఇమ్మన్నాను.
పోను పోను చీమతలంత అయిపోయే నా అక్షరాలతో
పక్కనే రాశాను:
సుమారు.