ఒకటి బై రెండు ఎక్స్

డండీలో నవంబరు. టే నది మీంచి వచ్చే గాలి
కిటికీ అద్దాల్ని గోకుతూ ఉంటుంది.
లైబ్రరీ మొదటి అంతస్తులో మా గది.
తలుపు మీద 'లెక్కల సాయం' అని బోర్డు,
దాని కింద ఎవరో పెన్సిల్‌తో:
'దేవుడి సాయం పక్క గదిలో.'
ప్రార్థన గది నిజంగానే పక్కనే.

నాలుగున్నరకి డూగల్ కెయిర్డ్ వచ్చాడు.
నలభై ఏడేళ్ళ మనిషి.
ఇరవై రెండేళ్ళు బస్సుల కింద వెల్లకిలా పడుకుని,
ఇప్పుడు ఇంజనీరింగ్ మొదటి ఏడు.
గోళ్ళ అంచుల నలుపు ఇంకా వదల్లేదు.
లాప్‌టాప్‌ని బల్ల మీద దించాడు,
జబ్బు పిల్లిని డాక్టరు ముందు దించినట్టు.

"ఇది నన్ను దద్దమ్మ అంటోంది," అన్నాడు.

అది అలా అనదు. ఎరుపు ఇంటూ ఒకటి వేస్తుంది, అంతే.
అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ
ఈ అడిగేది ఎవరికీ లోకువ కాదు.
విసుక్కోదు, టీకి లేవదు,
అర్ధరాత్రి దాకా గడువు ఇస్తుంది,
అర్ధరాత్రి దాటిన నిమిషానికి
ముఖం కూడా తిప్పుకోకుండా తలుపేస్తుంది.

నాకు కనిపించే పేజీ వేరు.
ఎవరు ఏ జవాబు ఎప్పుడు కొట్టారో
అన్నీ అందులో ఉంటాయి.
నాలుగో ప్రశ్న. డూగల్ కెయిర్డ్.
రాత్రి రెండూ పద్నాలుగు.
రెండూ పదిహేను.
మళ్ళీ రెండూ పదిహేనే.
రెండూ పదహారు.
ఆ అంకెల్లో లెక్క ఎక్కడా లేదు,
తాళం వేసిన ఇంటి తలుపు బాదుతున్న చప్పుడుంది.
అతనికి ఆ మాట చెప్పలేదు.

"కాగితం మీద చేసి చూపించు."

చేశాడు. లాగ్ ఎక్స్‌లో సగం. డిఫరెన్షియేట్ చెయ్యాలి.
కార్బన్ మరకల చెయ్యి తొణక్కుండా నడిచింది.
పొడుగ్గా ఒక గీత గీసి
పైన ఒకటి పెట్టాడు,
గీత కింద రెండునీ ఎక్స్‌నీ
ఒకే దుప్పటి కింద ఇద్దరన్నదమ్ముల్లా పడుకోబెట్టాడు.
సరిగ్గా ఉంది.
నేనైతే ఇంత శుభ్రంగా చెయ్యను.

"మరి అక్కడ ఏం కొట్టావు?"
"ఇదే."
"పైకి చదువు."
"ఒకటి బై రెండు ఎక్స్."
"నెమ్మదిగా."
"ఒకటి బై రెండు…"
ఆగాడు. గాలి కూడా ఆగిందని రాస్తే బాగుండేది,
ఆగలేదు.
"…ఎక్స్."

కీబోర్డులో ఆ గీత లేదు.
వాలుగా ఒక పుల్ల ఉంది.
పుల్ల కింద రెండు ఒక్కటే పట్టింది,
హారం తెగి ఎక్స్ బయట పడింది.
బ్రాకెట్ల జత ఒకటి చాలు, రెండు చేతులు అడ్డం పెట్టినట్టు.

"మూడు వారాలు," అన్నాడు డూగల్,
"మూడు వారాలు నా బుర్రలోనే లీకేజీ ఉందనుకున్నా."
తర్వాత నవ్వాడు. నవ్వు పూర్తి కాకుండానే
కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

వాళ్ళ అవ్వ గోనెగుడ్డ మిల్లులో నేతగత్తెట.
మగ్గాల హోరులో మాట వినపడక
పెదాలు చూసే అన్నీ తెలుసుకునేవాళ్ళట.
"ఇదేమో నా పెదాలు చూడదు," అన్నాడు
స్క్రీన్‌ని వేలితో తట్టి.

పక్క బల్ల నుంచి ఓస్లా తల ఎత్తింది.
షెట్లాండ్ పిల్ల, సెప్టెంబరు నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.
"నాకూ నాలుగోదే. కానీ నాకు సగం కాదు, ఐదో వంతు."
మా సిస్టమ్ ఎవరి అంకెలు వాళ్ళకే ఇస్తుంది, కాపీ కొట్టకుండా.
అందుకే వీళ్ళిద్దరి దగ్గరా
ఇచ్చిపుచ్చుకోడానికి జవాబు లేదు.
దారి ఒక్కటే ఉంది.
కుర్చీ జరిపింది. డూగల్ కాగితం తిప్పాడు.

నేను టీ పెట్టుకోడానికి లేచాను.
తొమ్మిదో ప్రశ్న దగ్గర ముగ్గురం ఇరుక్కున్నాం.
ఐదింటికి గది మూసెయ్యాలి. మూసేశాను.
"రేపు చూద్దాం" అన్నాను, నాకూ తెలియదని ఒప్పుకుని.

పొద్దున్న ఆ పేజీ తెరిచాను.
తొమ్మిదో ప్రశ్న. డూగల్ కెయిర్డ్.
పదీ ఐదుకి తెరిచాడు.
పదీ యాభై రెండుకి ఒకే ఒక్క జవాబు.
మధ్యలో ఏమీ లేదు.

ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశాను.
జవాబు తప్పే.
అయినా ఆ నలభై ఏడు నిమిషాలూ
ఎక్కడో ఒక బల్ల మీద, ఒక కాగితం మీద
పొడుగాటి గీతలుగా ఉంటాయి.