రిమార్కుల గడి

మే నెల. లాకులు మూసి ఇరవై రోజులు.
పంట కాలువ అడుగున నీళ్ళకి బదులు
ఎవరో పిల్లలు పాతుకున్న క్రికెట్ వికెట్లు.
భుజాన పార, సంచిలో సంచులు, చేతిలో ట్యాబ్,
కాట్రేనికోన శివారు చేలో నిలబడ్డాను.

ఏ పొలాన్ని కాపాడాలో తేల్చమన్నారు.
మొదటి తరగతికి ఆకుపచ్చ, రెండోదానికి పసుపు.
మూడోదానికి రంగు లేదు:
చెరువు తవ్వుకోవచ్చు, లేఅవుట్ రాళ్ళు పాతుకోవచ్చు,
ఎవరూ అడగరు.

దీనికో పద్ధతి ఉంది.
గట్టు పక్కన తవ్వకూడదు, చెట్టు నీడన తవ్వకూడదు,
పెంట పోసిన చోట అసలే కూడదు.
జానెడు లోతున ఏటవాలు గుంట,
దాని గోడ నుంచి, పై నుంచి అడుగు దాకా
జున్ను కోసినట్టు అంగుళం మందాన ఒక పొర.
అలా పది చోట్ల.
పదీ కలిపి, గోనె మీద గుండ్రంగా పరిచి,
నాలుగు భాగాలు చేసి
ఎదురెదురు రెండూ పారేయాలి.
మిగిలింది కలిపి మళ్ళీ నాలుగు, మళ్ళీ రెండు అవతలికి,
రెండెకరాల డెబ్భై సెంట్లు
అరకిలో అయ్యేదాకా.

దోనిపాటి మరిదమ్మ గట్టు మీద కూర్చుని చూస్తోంది.
కౌలు చేను.
పట్టాదారు పేరు ట్యాబ్‌లో ఉంది, ఈవిడది లేదు.
"పారేసిన మట్టి నాదేనాండీ?" అంది.
నవ్విందో లేదో చెప్పలేను.

తూర్పున రొయ్యల చెరువు. పడమట రొయ్యల చెరువు.
ఏరేటర్లు రాత్రీ పగలూ
నీళ్ళని చెంపలు వాయిస్తూనే ఉన్నాయి.
మధ్యలో ఈ చేను,
రెండు ఉప్పు జాడీల నడుమ పెరుగు గిన్నె.

మట్టిని నీళ్ళలో కలిపి, అరగంట ఆగి, మీటరు ముంచాను.
నాలుగు దాటితే మూడో తరగతి.
నాలుగూ పాయింటు రెండు.

ఆవిడ అంకె చూడలేదు.
చిటికెడు నాలిక మీద వేసుకుని, ఉమ్మేసి,
"ఇది ఈ నెల ఉప్పండి.
లాకులెత్తి, బోదె పారి,
పది రోజులు నిలవగట్టి వదిలేస్తే దిగిపోద్ది.
దిగాకే ఊడుస్తాం.
పోయిన సార్వాకి ఎకరానికి ఇరవయ్యారు బస్తాలు.
మీరు శ్రావణంలో రావాల్సింది."

నాకిచ్చిన గడువు జూన్ పది.

అంకె అబద్ధం కాదు. ఆవిడ మాటా అబద్ధం కాదు.
జ్వరం వచ్చిన రోజున మనిషిని తూచి
బరువు ఇంతే అని...
కాదు, పోలిక కుదరలేదు, వదిలేయండి.
ఉప్పు పక్కవాడిది, తరగతి ఈ చేనిది.
చెడింది కాబట్టి కాపాడనక్కర్లేదు,
కాపాడలేదు కాబట్టి ఇంకా చెడుతుంది.
ఫారంలో దీనికి వరస లేదు.

బోదె మొదట్లో మట్టి తియ్యన.
పది గుంటలూ అక్కడే తీస్తే
మూడున్నరకి దిగుతుంది. నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.
ఆవిడ ఆ వైపు చూడనైనా చూడలేదు.
అడిగి ఉంటే బాగుండేది.
కాదనేవాణ్ణి, తేలిగ్గా ఉండేది.

రిమార్కుల గడి చిన్నది.
"వేసవి ఉప్పు, ఆగస్టులో మళ్ళీ చూడా"
దగ్గర ఆగిపోయింది.
'లి' పట్టలేదు.

సంచి మూతికి దారం బిగించేసరికి
మరిదమ్మ, నేను పారబోసినదంతా కొంగులోకెత్తి
ఒక్కో గుంటా పూడ్చుకుంటూ పోతోంది,
మడమతో తొక్కి, చదును చేసి.
పదో గుంటకి
అరకిలో తక్కువైంది.